చీకటి గది తలుపు కొట్టిన మేడం

"మేడంగోరు పోనారే అమ్మీ" అని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను సీతమ్మధారలో నా కౌన్సెలింగ్ గదిలో ఉన్నాను. ఎదురుగా ఒక తల్లి కూర్చుని, పరీక్ష తప్పినప్పటి నుంచి కొడుకు ఎవరితోనూ మాట్లాడటం లేదని చెబుతోంది. ఫోన్ ఎత్తకూడని సమయం. కానీ నా పని వేళల్లో నాన్న ఎప్పుడూ ఫోన్ చేయడు, అందుకే ఎత్తాను. ఆ ఒక్క ముక్కా చెప్పి ఏడుస్తూ ఉండిపోయాడు. వెనకాల మేడం చెల్లెలుగారి గొంతు "ముందు కూర్చోండి, కాసిని నీళ్లు తాగండి" అంటోంది. పెందుర్తిలో మేడం ఇంటి వరండాలోంచే మాట్లాడుతున్నాడని అప్పుడు తెలిసింది.

నేను వెంటనే ఏడవలేదు. ఎదురుగా ఉన్న తల్లిని "మీ అబ్బాయి నిద్రపోతున్నాడా? గదిలోకి వెళ్లి చూశారా?" అని అడిగాను. ఆవిడ చెప్పింది పూర్తిగా విని, అబ్బాయిని మర్నాడే తీసుకురమ్మని పంపించాను. ఆ ప్రశ్న నాది కాదు, మేడంది. ఆవిడ లేరని తెలిసిన నిమిషంలో కూడా ఆవిడ ప్రశ్నే నా నోట్లోంచి వచ్చింది. తర్వాత ఏడవడానికి తలుపు వేసుకోబోయి, వేసుకోలేక, బార్లా తీసిపెట్టే ఏడ్చాను.

మీలో ఎవరికీ ఆవిడ తెలియదు. పేపర్లో ఫొటో పడిన మనిషి కాదు, సభల్లో శాలువాలు కప్పించుకున్న మనిషీ కాదు. ఊరి శివార్లలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరయ్యారు. స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చిన భర్త వెంట గోదావరి జిల్లా నుంచి కొత్త పెళ్లికూతురిగా వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. మాట మాత్రం కారం. హాజరు వేసేటప్పుడు ఎవరైనా నీరసంగా "ప్రెజెంట్ మేడం" అంటే, "ఒళ్లొక్కటే వచ్చిందా, మనిషి కూడా వచ్చిందా?" అని అడిగేవారు. మేం కిసుక్కున నవ్వేవాళ్లం.

అపసామాన్య ప్రవర్తన అనే పాఠం మొదలుపెట్టిన రోజు ఆవిడ పుస్తకం తెరవలేదు. బల్లకి ఆనుకుని నిలబడి, "మీ మీ వీధుల్లో పిచ్చివాళ్లెవరో చెప్పండి" అన్నారు. ఇంకేముంది, చేతులన్నీ లేచాయి. "అబ్బో! నా క్లాసులో ఇంతమంది డాక్టర్లున్నారని తెలీదే!" అన్నారు మేడం. సరే, పిచ్చి అని ఎలా తెలిసిందో చెప్పండన్నారు. లేచిన చేతులన్నీ దిగిపోయాయి.

"నలుగురిలో లేనిది అతనిలో ఉంది మేడం" అంది ఒకమ్మాయి. సైకాలజీలో అదొక కొలతే. ఎక్కువమంది చేసేది సామాన్యం, అరుదుగా కనిపించేది అపసామాన్యం. "అయితే లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లని ముందు ఆసుపత్రిలో చేర్పిద్దాం పదండి" అన్నారు మేడం. ఇంకొకమ్మాయి లేచి, సంఘం ఒప్పుకోని పని చేసేవాళ్లు అంది. "అమ్మవారి పండగలో పూనకం వచ్చి జుట్టు విరబోసుకుని ఊగుతున్న మనిషిని ఏం చేస్తారు?" "కాళ్లకి దండం పెడతాం మేడం." "అదే మనిషి బస్టాండులో ఊగితే?" "పోలీసుల్ని పిలుస్తాం!" క్లాసంతా నవ్వు. "మనిషి అదే, ఊగడం అదే. చోటు మారేసరికి దేవత కాస్తా పిచ్చిదైపోయింది" అన్నారు ఆవిడ.

ఇక మిగిలినవి ఆవిడే చెప్పారు. మనిషి లోపల పడుతున్న బాధ ఒక కొలత. తిండి, నిద్ర, పని, నలుగురితో మసలడం, ఇవి కుదరకపోవడం ఇంకో కొలత. తనకో ఎదుటివాళ్లకో ప్రమాదం తెచ్చిపెట్టడం మరొకటి. "ఏ ఒక్కటీ చాలదు. అన్నీ కలిపి చూడాలి. అన్నీ కలిపినా, ఇక్కడ కూర్చుని చూస్తే తెలియదు, మనిషి దగ్గరికి వెళ్లి చూడాలి" అన్నారు.

అప్పుడు వెనక బెంచీ పిల్ల ఒకతె లేచింది. "మా ఎదురింటి అంకుల్ పగలంతా చీకట్లో పడుకుంటాడు మేడం. ఎవరితోనూ మాట్లాడడు. పిచ్చేనా?" క్లాసు విరగబడి నవ్వింది. ఎందుకంటే మాలో సగంమంది నాన్నలు చేసేది అదే. మేడం నవ్వలేదు. "ఆయన్ని ఎవరైనా లేపి చూశారా?" అన్నారు. "అమ్మో! సీ షిఫ్టు మనిషిని లేపుతారా మేడం!" అందా పిల్ల. మేడం బోర్డు వైపు తిరిగి, రాయడానికి ఏమీ లేకపోయినా సుద్దముక్క పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నారు. మాకు అర్థం కాలేదు.

ఇక్కడ మా కాలనీ సంగతి చెప్పాలి. మా ఇళ్లలో మగవాళ్లకి డ్యూటీలు పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి అని తిరుగుతూ ఉంటాయి. సీ షిఫ్టు అంటే రాత్రంతా పని. తెల్లారి ఇంటికొచ్చి పడుకోవాలి. అందుకని ప్రతి ఇంట్లోనూ ఒక గది కిటికీలకి నల్ల చార్టు కాగితం అంటించి ఉంటుంది. గుమ్మంలో డ్యూటీ బూట్లు కనిపిస్తే ఆ ఇంటి ముందు పిల్లలు ఆడరు, కాలింగ్ బెల్లు ఎవరూ నొక్కరు. కుక్కర్ కూతకొచ్చేలోపు అమ్మ పరిగెత్తి స్టవ్ కట్టేసేది. చేపలమ్మే ఆవిడ మెయిన్ రోడ్డు మీద గొంతు చించుకుని, మా వీధి మలుపు తిరగ్గానే "సేపలమ్మా, సేపలు" అని చెవిలో చెప్పినట్టు అనేది. నిద్రపోతున్న సీ షిఫ్టు మనిషిని లేపడమంటే అన్నం తింటున్నవాడి ముందు నుంచి కంచం లాగేసినంత పాపం మాకు. మంచి పద్ధతే. రాత్రంతా కొలిమి వేడిలో నిలబడి వచ్చిన మనిషికి ఆ మాత్రం నిశ్శబ్దం ఇవ్వాలి కదా.

కాలనీ బయట మేడం ఒక్కరే అద్దెకున్న ఇల్లు దీనికి పూర్తిగా తిరగేసినట్టు ఉండేది. కిటికీలన్నీ ఎప్పుడూ తీసే ఉండేవి, తుఫాను గాలికి కూడా. మా వైపు గాలిలో నల్ల దుమ్ము ఉంటుంది. పొద్దున్న తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆవిడ రోజూ తడిగుడ్డ పట్టుకుని తుడుచుకునేవారే తప్ప ఒక్క రెక్క మూసేవారు కాదు. పగలు వీధి తలుపుకి గడియ పెట్టేవారు కాదు. ఎవరు కొట్టినా లోపల్నుంచి "తీసే ఉంది, రండి!" అని ఒక్క కేక. "తీసే ఉంటే ఇంక కొట్టడమెందుకు మేడం?" అని నా స్నేహితురాలు అడిగింది ఒకసారి. "కొట్టాలి. ఆ అలవాటు పోకూడదు" అన్నారు. ఇంటి ఓనరమ్మ మాతోనే అనేది, "చదివి చదివి మీ మేడంకి కొంచెం తేడా చేసిందర్రా" అని. మేం మాత్రం తక్కువ తిన్నామా? పుస్తకం తిరగేసి, మూసిన గదులంటే భయపడే జబ్బు పేరు వెతికి, మేడంకి ఉన్నది ఇదేనని తేల్చేశాం. కొత్తగా సైకాలజీ చదివేవాళ్లకి ఊరంతా రోగులే కనిపిస్తారు.

నేను డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా నాన్న మారాడు.

నాన్నది ఆనందపురం దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. ప్లాంటులో ఉద్యోగం వచ్చినా ఊరి నోరు పోలేదు. వీధిలో ఎవరు కనిపించినా "ఏటి బావా, ఎటెల్తన్నావ్?" అని ఆపి కబుర్లు పెట్టేవాడు. అలాంటి మనిషి ముందు కబుర్లు మానేశాడు. తర్వాత చేపల కూర వండితే పక్కకి తోసేశాడు. గెడ్డం గీసుకోవడం మానేశాడు. సీ షిఫ్టు వారమే కాదు, పొద్దున్న డ్యూటీ వారంలోనూ ఇంటికి రాగానే ఆ నల్ల కాగితాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవాడు. అమ్మ కంగారుపడి నాన్నతో పనిచేసే ఒకాయన్ని పిలిపించింది. ఆయనొచ్చి, తలుపు బయట నిలబడి, గొంతు తగ్గించి "షిప్టులు ఒంటికి పడనప్పుడు ఇలగే ఉంటాది సెల్లెమ్మా. నానూ ఓపాలి ఇలగే అయిపోనాను. షిప్టు మారితే అదే సర్దుకుంటాది" అని చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయాడు. వీధి వీధంతా అదే మాట. పైగా నాన్న డ్యూటీ ఒక్కటి కూడా మానలేదు.

నేను నేర్చుకున్న కొలతలన్నీ మనసులో పెట్టి చూశాను. నలుగురిలో లేనిదా? మా కాలనీలో నలుగురూ అలాగే పడుకుంటారు. కట్టుబాటు తప్పాడా? మా కట్టుబాటే అది. పని చేయలేకపోతున్నాడా? టైముకి డ్యూటీకి వెళుతున్నాడు. ఇక మిగిలింది బాధ. అది నాన్న చెప్పాలి, ఆయన నోరు విప్పడం లేదు. క్లాసయ్యాక మేడం దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగారు. "నిద్రపోతున్నారా, ఊరికే పడుకుని ఉంటున్నారా? ఎవరైనా తలుపు తీసి చూశారా?"

ఎవరూ చూడలేదు. ఎవరం చూస్తాం? పడుకున్న మనిషిని లేపకూడదు కదా.

ఆవిడ మిగతా క్లాసులు ఇంకొకరికి అప్పగించి, అప్పటికప్పుడు నన్ను తీసుకుని ఆటో ఎక్కారు. మిట్టమధ్యాహ్నం. గుమ్మంలో అమ్మ నోటి మీద వేలు పెట్టుకుని "ఆయన తొంగున్నారండీ" అని గుసగుసగా అంది. మేడం చెప్పులు విప్పి, నేరుగా ఆ గది దగ్గరికి నడిచి, తలుపు మీద దబదబా కొట్టారు. ఆ చప్పుడుకి వీధిలో ఆడవాళ్లు బయటికొచ్చి బుగ్గలు నొక్కుకున్నారు. అమ్మకి ఏడుపొక్కటే తక్కువ. "ఏటండీ మేడంగోరూ, ఇలగ సేత్తన్నారు? అలిసిపోయొచ్చిన మనిసి కదండీ!" అంటోంది. ఆవిడ ఆపలేదు. "నేను మీ అమ్మాయి టీచర్నండి. తలుపు తీయండి. తీసేదాకా కొడుతూనే ఉంటాను" అన్నారు.

చాలాసేపటికి గడియ చప్పుడైంది. మేడం లోపలికెళ్లి కిటికీ మీద నల్ల కాగితం ఒక మూల పట్టుకుని చింపారు. వెలుగు పడింది. నాన్న మంచం అంచున కూర్చుని ఉన్నాడు. డ్యూటీ చొక్కా కూడా విప్పలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ నిద్రలోంచి లేచిన కళ్లు కావు. పరుపు మీద దుప్పటి మడత కూడా చెదరలేదు. ఆ మడత చూసి అమ్మ గోడకి జారబడిపోయింది. మేడం ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, కొట్టులో ఉప్పుందా అని అడిగినంత మామూలుగా అడిగారు. "చచ్చిపోవాలనిపిస్తోందా అండీ?"

అమ్మ "ఓలమ్మో, ఆ మాటేటండీ!" అని నెత్తి కొట్టుకుంది. నాన్న మాత్రం ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు తలెత్తాడు. "అవునమ్మా" అన్నాడు. "సాన్నాళ్లయింది. ఎవురూ అడగలేదు." ఆ తర్వాత నాన్న ఏడ్చిన ఏడుపు నేను మళ్లీ వినకూడదని కోరుకుంటాను. "అయితే ఇవాళ్టి నుంచి మిమ్మల్ని ఒక్కరినీ వదిలేది లేదు. లేవండి, ఆసుపత్రికి వెళదాం" అన్నారు మేడం. బయట ఆగమన్న ఆటోలోనే తీసుకెళ్లారు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆవిడ నాకు చెప్పారు. నేను అడగలేదు. "మా ఆయనా మీ నాన్నగారి లాగే షిఫ్టుల మనిషమ్మాయ్. మా ఇంట్లోనూ నల్ల కాగితాల గది ఉండేది. నేను కాలేజీలో ఇవే కొలతలు చెప్పేదాన్ని, ఇంటికొచ్చి ఆ గది ముందు కాళ్ల పట్టీలు కూడా తీసేసి నడిచేదాన్ని. చీమ చిటుక్కుమననిచ్చేదాన్ని కాదు. భర్త నిద్రని ఇంత భద్రంగా చూసుకునే ఇల్లాలు లేదని కాలనీ అంతా మెచ్చుకునేవారు. ఆయన నెలల తరబడి ఆ చీకట్లో కళ్లు తెరుచుకునే పడున్నారు. నాకు తెలీలేదు. ఒకరోజు వంట చేసి, పాపం ఇంకాసేపు పడుకోనీలే అని లేపలేదు. సాయంత్రం తలుపు తీసేసరికి ఏముంది? ఆయనే తన ప్రాణం తీసేసుకున్నారు." అంత వరకూ చెప్పి, చీర చెంగుతో ముఖం గట్టిగా తుడుచుకుని, "మీ నాన్నగారికి కాఫీ ఏమైనా ఇస్తారేమో కనుక్కో" అని నన్ను పంపించేశారు. మేం జబ్బు పేరు పెట్టిన ఆ కిటికీలు అప్పుడు గుర్తొచ్చాయి.

నాన్నకి నయమైపోయింది అని ఒక్క మాటలో చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను. మందులు పడటానికి చాలాకాలం పట్టింది. మధ్యలో రెండోసారి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. వీధిలో కొందరు మా ఇంట్లో కాఫీ తాగడం మానేశారు. అక్క సంబంధం ఒకటి "తండ్రికి పిచ్చంట కదా" అని తప్పిపోయింది. పనికి వెళుతున్నంత కాలం మామూలు మనిషి, మందులు వేసుకుని బాగుపడుతుంటే పిచ్చివాడు! ఇదెక్కడి న్యాయమని మండిపడుతూ మేడం దగ్గరికి వెళ్లాను. "పుస్తకంలో మొదటి రెండు కొలతలూ జనం చేతిలో ఉంటాయి. వాళ్లు వాటితోనే కొడతారు. నువ్వు మూడోది పట్టుకో, మనిషి లోపలి బాధని" అన్నారు. నేను ఈ వృత్తిలోకి వచ్చింది ఆ ఒక్క మాటతోనే.

మానసిక ఆరోగ్యం అంటే ఎప్పుడూ నవ్వుతూ ఉండటమని ఎవరైనా అంటే ఆవిడకి ఒళ్లు మండేది. "చావింట్లో నవ్వేవాడు ఆరోగ్యవంతుడా? బాధ వస్తే ఆ బాధకి సరిపడా ఏడవాలి. మర్నాడు లేచి పళ్లు తోముకోవాలి. ఆకలేస్తే తినాలి. పక్కవాడు తిన్నాడో లేదో అడగాలి. అంతకంటే పెద్ద ఆరోగ్యం నేను చూడలేదు" అనేవారు.

రిటైరయ్యాక ఆవిడ పెందుర్తిలో చెల్లెలి ఇంటి దగ్గర చిన్న ఇల్లు తీసుకున్నారు. అప్పుడే నాన్నకి ఒక పని అప్పగించారు. "నేను ఒంటరిదాన్ని. వారానికోసారి మీరొచ్చి నా తలుపు కొట్టాలి." అది ఆవిడ కోసమో, నాన్న కోసమో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. నాన్న మాత్రం దాన్ని డ్యూటీ లాగే చేశాడు. ఆనందపురం చేలోంచి వంకాయలో బెండకాయలో సంచిలో వేసుకుని, బస్సెక్కి వెళ్లి, తలుపు కొట్టడం, లోపల్నుంచి "తీసే ఉంది, రండి!" అనడం, అరుగు మీద కూర్చుని కాసేపు మాట్లాడుకోవడం. ఏం మాట్లాడుకునేవారని అమ్మ అడిగితే "ఏటుంటాది? ఇద్దరం ఉన్నామా లేదా అని సూసుకుంటన్నాం" అనేవాడు.

నాకు ఫోన్ చేసిన రోజు కూడా అలాగే వెళ్లాడు. మధ్యాహ్నం భోజనం చేసి ఆవిడ నడుం వాల్చారు. నాన్న వరండాలోంచి కిటికీలోకి చూశాడట. నేను వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లందరికీ అదే చెబుతున్నాడు. నాకూ చెప్పాడు. "అటు తిరిగి తొంగున్నారమ్మీ. దుప్పటి సక్కగా కప్పుకున్నారు. అలిసిపోనారేమో, పెద్దావిడ, లేపకూడదనుకుని సంచి గుమ్మంలో ఎట్టీసి ఎనక్కి తిరిగాను. గేటు దాకా ఎల్లిపోనాను కూడానూ. అప్పుడు నా గది గుర్తొచ్చింది. ఎనక్కొచ్చి కొట్టినాను. సెయ్యి నొప్పెట్టినా కొట్టినాను. తీసే ఉన్నాదని అనలేదు. అప్పుడెల్లాను లోపలికి."

గుండె ఆగిందన్నారు డాక్టరు. నిద్రలోనే, నాన్న రాకముందే పోయారన్నారు. గేటు దాకా వెళ్లి రావడం వల్ల జరిగిందేమీ లేదని నేను నాన్నకి మళ్లీ మళ్లీ చెప్పాను. విన్నాడో లేదో తెలియదు. నాకు భయమేసింది, ఇప్పటికీ వేస్తోంది. ఏడుస్తున్నాడా అని చూశాను. ఏడుస్తున్నాడు. రాత్రి పెట్టిన రెండు ముద్దలూ తిన్నాడు. తెల్లారి లేచి పళ్లు తోముకున్నాడు. "అమ్మీ, నువ్వు తిన్నావా?" అని అడిగాడు. మేడం చెప్పిన కొలతలతో మా నాన్నని కొలుచుకుంటూ నేను ఆయన వెనకాలే తిరిగాను.

దహనమైన మర్నాడు మేడం చెల్లెలుగారు ఇంటికి తాళం వేయడానికి వచ్చారు. "వానొస్తే అంతా తడిసిపోద్దమ్మా" అంటూ కిటికీలు ఒక్కొక్కటే మూశారు. ఎన్నేళ్లుగానో తీసే ఉన్న రెక్కలు, బిగుసుకుపోయి, కిర్రుమంటూ కదిలాయి. నాన్న తెచ్చిన సంచి గుమ్మం పక్కన అలాగే ఉంది, వంకాయలు వడిలిపోయాయి. ఆవిడ వీధి తలుపు లాగి, తాళం వేసి, కప్ప పట్టుకుని ఒకసారి గుంజి చూసి, కళ్లు తుడుచుకుంటూ గేటు వైపు నడిచారు. నేనూ నడిచాను. నాన్న రాలేదు.

వెనక్కి తిరిగి చూస్తే తాళం వేసిన తలుపు ముందు నిలబడి, చేయెత్తి, వేళ్ల కణుపులతో కొడుతున్నాడు. కొట్టి, తల కొంచెం పక్కకి వంచి విన్నాడు. ఎప్పుడూ ఆవిడ పలికేంతసేపు ఆగాడు. మళ్లీ కొట్టాడు.